జెన్సీ కళ్ళు

శనివారం పొద్దున్న ఏడింటికే ఈశ్వరి స్కూలు హాలు తాళం తీసి, ట్రాక్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, నేల తుడవడం మొదలుపెట్టింది. ప్యూను ఉన్నాడు గాని ఈ పని ఆమె ఇంకొకరికి వదలదు. ముందు తడిబట్ట, తర్వాత పొడిబట్ట, ఆఖర్న అరచేత్తో ఒకసారి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా రాయి నాలుగు వేళ్ళు పక్కకి పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, పిల్లలకి ఆటలు నేర్పే టీచరు, హాలు ఈ చివరనించి ఆ చివరిదాకా మోకాళ్ళమీద పాకుతూ వెళ్ళడం చూసి మొదట్లో అందరూ నవ్వేవారు. చూసి చూసి వాళ్ళకే విసుగొచ్చి మానేశారు.

ఆట పేరు కర్లింగ్. చలిదేశాల్లో గడ్డకట్టిన మంచుమీద రాళ్ళు జార్చి ఆడతారు. జంషెడ్‌పూర్‌లో మంచు ఐస్‌క్రీం బండిలో తప్ప కనబడదు కనక ఇక్కడ హాలు నేలమీదే ఆడతారు. రాయి అన్నది పేరుకే. నిజానికది ఇనప బిళ్ళ, పైన పిడి, కింద మూడు బేరింగులు. హాలు ఆ చివర నేలమీద ఒకదానిలో ఒకటి మూడు వలయాలు గీసి ఉంటాయి. దాన్ని పిల్లలు ‘ఘర్’ అంటారు, ఇల్లన్నమాట. ఇంటి నడిమధ్యకి ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళకి పాయింటు. ఆడేవాళ్ళు ఈ చివర మోకాలు వంచి, పిడి పట్టుకుని రాయిని ముందుకి తోసి, నేలకి అంటించిన ఎర్ర టేపు గీత రాకముందే వదిలెయ్యాలి. గీత దాటినా పిడి చేతిలోనే ఉంటే ఆ రాయి చెల్లదు.

చెల్లదని చెప్పడానికి ఆ హాల్లో ఈల పట్టుకుని ఎవరూ నిలబడరు. తప్పు ఎవరిదైతే వాళ్ళే చెప్పుకోవాలి, ఈ ఆట మర్యాద అది. దానికి ఈశ్వరి తన హాల్లో ఒక పద్ధతి పెట్టింది. తప్పు చేసిన పిల్ల చెయ్యెత్తి ‘నాది’ అంటుంది. తర్వాత హాలు పొడుగునా నడిచి వెళ్ళి, తన రాయి తనే ఎత్తి గోడవార పెడుతుంది. ఎవరూ పల్లెత్తు మాటనరు. బెంగాలీ పిల్లలు, బిహారీ పిల్లలు, సంతాల్ పిల్లలు అందరూ ఆ ఒక్క తెలుగు మాటా నేర్చుకున్నారు. పిడి వదిలిందీ లేనిదీ మీ చేతికి తెలుసు, చెయ్యి చెప్పింది నోటితో చెప్పండి అని ఆరో తరగతిలో మొదటి రోజే ఆమె చెబుతుంది.

ఆ రోజు పోటీ జిల్లా జట్టు ఎంపిక కోసం. గెలిచిన నలుగురూ వచ్చే నెల హిమాచల్‌లో నిజమైన మంచుమీద జాతీయ పోటీలకి వెళతారు. చివరికి మిగిలినవి రెండు జట్లు. ఒకటి టీచర్లది, దాని స్కిప్పు, అంటే నాయకురాలు, ఈశ్వరి. రెండోది ఆమె తయారుచేసిన ఆడపిల్లలదే, దాని స్కిప్పు పన్నెండో తరగతి జెన్సీ. ఎవరు గెలిచినా ఈశ్వరి గెలిచినట్టే కదా అని స్టాఫు రూములో అన్నారు. ఈశ్వరి కూడా నవ్వి అవునంది. లోపల మాత్రం అవుననుకోలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఒక్కసారి మంచుమీద ఆడింది. ఇప్పుడు మోకాలు మెట్లు దిగేటప్పుడు కిర్రుమంటోంది. ఈసారి తప్పితే ఇక వెళ్ళేది లేదని ఆమెకి తెలుసు, వెళ్ళాలని ప్రాణం పీకుతోంది.

ఆరో విడత, ఆఖరిది. పిల్లలు ఒక్క పాయింటు ముందున్నారు. జెన్సీ తన చివరి రాయిని, పసుపు పిడిది, ఎంత తేలిగ్గా వదిలిందంటే అది అడ్డంగా ఉన్న రాయి వెనక్కి చేరి, ఇంటి నడుమకి జానెడు దూరంలో ఆగిపోయింది. ఈశ్వరికి లోపల గర్వమూ భయమూ ఒకేసారి కలిగాయి. ఆ నడక, ఆ వేగం తను నేర్పినవే. జెన్సీ లేచి, పద్ధతి ప్రకారం పక్కకి తప్పుకుని, ఎర్ర గీత దగ్గరే గోడకి ఆనుకుని కదలకుండా నిలబడింది. ఎదుటివాళ్ళు ఆడేటప్పుడు కదలకూడదని నేర్పింది కూడా ఈశ్వరే.

ఇక మిగిలింది ఈశ్వరి ఎర్ర రాయి ఒక్కటే. ఆ పసుపు రాయిని తన్ని బయటికి పంపి తనది అక్కడే నిలవాలి. అప్పుడు ఇంట్లో ముందే ఉన్న ఇంకో ఎర్ర రాయితో కలిపి రెండు పాయింట్లు. దారి రాయి పట్టేంత సందు మాత్రమే. ఆమె రాయిని తిరగేసి బేరింగులు వేలితో తిప్పి చూసింది, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంది, మోకాలు వంచింది. తోసింది. సగంలో రాయి వెంట్రుకంత ఎడమకి లాగుతున్నట్టు వేళ్ళకి తెలిసింది. సరిచేద్దామని ఇంకొక్క క్షణం పట్టుకుంది. చూపుడు వేలూ నడిమి వేలూ పిడిమీద ఉండగానే మణికట్టు కింద గీత ఎర్రగా కదిలింది. అప్పుడు వదిలింది.

రాయి సందులోంచి దూరింది. పసుపు రాయికి తగిలింది. అది జారుకుంటూ ఇల్లు దాటి గోడని కొట్టింది, ఎర్రది నడుమన నిలిచింది. హాలంతా చప్పట్లు. అందరూ రాయి వెళ్ళిన చోటుకే చూస్తున్నారు, అది బయల్దేరిన చోటు ఎవరికీ పట్టలేదు. ఈశ్వరి మోకాలిమీద అలాగే ఉండిపోయింది. నోట్లో ఆ మాట ఉంది. రెండక్షరాలు. టీచర్లు పరుగున వచ్చి ఆమెని లేవదీశారు, భుజాలు పట్టి ఊపారు. జిల్లా కర్లింగ్ సంఘం సెక్రటరీ జయప్రకాష్ టీ గ్లాసు పక్కన పెట్టి కాగితంమీద ఏదో రాసుకున్నాడు. మాట ఉన్నచోటే ఉండిపోయింది.

జెన్సీ గోడ దగ్గరనించి కదల్లేదు. గీతకేసి చూసింది. ఈశ్వరికేసి చూసింది. మళ్ళీ గీతకేసి చూసి, రెండు కళ్ళూ అరచేతుల్తో గట్టిగా రుద్దుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నారు పక్కవాళ్ళు. ఏడవలేదు. ఓడినవాళ్ళు చెయ్యాల్సినట్టే చేతి గ్లవ్ తీసేసి, దగ్గరికి వచ్చి, చెయ్యి చాచింది.

“అచ్ఛా షాట్ థా, మేడం,” మంచి షాట్ వేశారని హిందీలో అంది.

ఈశ్వరి ఆ చెయ్యి పట్టుకుంది.

ఆదివారం సిద్ధగోరాలో వాళ్ళ వీధి సగానికి ఈ సంగతి తెలిసిపోయింది. ఈశ్వరి తండ్రి భీమారావు కారఖానాలో రోలింగు మిల్లులో చేసి రిటైరైన మనిషి. పొద్దున్న పాలకి వెళ్ళి గంటన్నరకి తిరిగొచ్చాడు. ఆ గంటన్నరా పాలవాడికి, ఇస్త్రీవాడికి, ఎదురింటి ఒడియా ఆయనకి కర్లింగంటే ఏమిటో చెబుతూనే ఉన్నాడు. ఆయనకి తెలిసింది తక్కువ, చెప్పింది ఎక్కువ. వచ్చి బీరువా పైనున్న పెట్టె దించి, తొమ్మిదేళ్ళ కిందటి చలికోటు తీసి, ఎండలో వేశాడు. దాని జిప్పు బిగుసుకుపోయింది. కొవ్వొత్తి ముక్క తెచ్చి, మెట్లమీద కూర్చుని, ఆ జిప్పు పళ్ళకి ఓపిగ్గా రుద్దసాగాడు.

అన్నాల దగ్గర ఆఖరి రాయి ఎలా వేసిందో చూపించమన్నాడు. నోటితో చెబితే ఆయనకి చాల్లేదు. మూడు స్టీలు గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టాడు.

“ఇది ఆ పిల్లది. ఇది అడ్డం ఉన్నది. మరి నీదేది?”

ఈశ్వరి తన గ్లాసుని అడ్డం ఉన్నదాని పక్కనించి జరిపి ఆ పిల్ల గ్లాసుకి తగిలించింది. భీమారావు ముచ్చటగా చూశాడు. చెంచా ఒకటి తీసి బల్లకి అడ్డంగా పెట్టాడు.

“ఇదే గదా నువ్వు చెప్పే గీత. ఒదిలినప్పుడు నీ చెయ్యెక్కడున్నాదమ్మా?”

ఆయనకి ఏ అనుమానమూ లేదు. మిల్లులో పనిచేసినవాడికి ప్రతిదీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియాలి, అంతే. ఈశ్వరి కుడిచేతికి పప్పన్నం అంటుకుని ఉంది. ఎడమచేతి వేలు చాపి, చెంచాకి ఇవతల, బెత్తెడు ఇవతల పెట్టింది.

“అదీ పద్ధతి,” అన్నాడు భీమారావు.

ఈశ్వరి కంచం పక్కకి జరిపింది. నిన్న చెప్పకపోవడం ఒకటి, ఇవాళ వేలు పెట్టి చూపించడం ఇంకొకటి. నిన్నటిది ఆగిపోయిన మాట, ఇవాళ్టిది అచ్చమైన అబద్ధం. తనమీద తనకే అసహ్యం వేసింది. సాయంత్రం జయప్రకాష్ ఫోన్ చేశాడు. గురువారం పొద్దున్న పేర్లు పంపేస్తున్నామని, బుధవారంలోగా బిష్టుపూర్ ఆఫీసుకొచ్చి సంతకాలు పెట్టి ఫొటోలిమ్మని చెప్పాడు. పిల్లలింకా చిన్నవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు వెళ్ళడమే మంచిదైందని కూడా అన్నాడు. ఈశ్వరి సరేనంది. సంతకం పెట్టేదాకా టైముందని తనకి తాను చెప్పుకుంది. దేనికి టైమో మాత్రం ఆలోచించలేదు.

సోమవారం ఆరో తరగతికి కర్లింగ్ పీరియడు. సౌరభ్ అనే బక్కపలచని పిల్లాడు రాయి తోసి, రెండడుగులు నడిచి, టక్కున ఆగి చెయ్యెత్తాడు. ‘నాది’ అన్నాడు. గీత దాటలేదేమో అని పక్కవాళ్ళన్నారు. వాడు ఒప్పుకోలేదు. హాలు పొడుగునా వెళ్ళి, తన రాయి రెండు చేతులా ఎత్తి, గోడవార పెట్టి వచ్చాడు. ఇలాంటప్పుడు ఈశ్వరి ఎప్పుడూ శభాష్ అంటుంది. ఇవాళా అనాలి కదా అని వాడు ఆమె మొహంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె వాడి తల నిమిరి పంపేసింది.

సాయంత్రం పెద్ద పిల్లల ప్రాక్టీసు. జెన్సీ వచ్చింది గాని స్కిప్పు కర్ర పట్టుకోలేదు. ఇంటి వెనకాల నిలబడి, రాయి ఎక్కడికి రావాలో ఆ కర్రతో చూపించేది ఆమే. మూడేళ్ళనించీ ఆ కర్ర ఇంకొకరి చేతికి వెళ్ళింది లేదు. అలాంటిది దాన్ని మూల నిలబెట్టి, మొదటి రాళ్ళు వేసేవాళ్ళ వరసలో వెళ్ళి నిలబడింది. ఈశ్వరి పిలిచి ఏమిటని అడిగింది.

“ముఝే స్కిప్ నహీఁ బన్‌నా, మేడం.” జెన్సీ కిందికి చూస్తూ అంది. ఇంట్లో తెలుగు వింటుంది, జవాబు హిందీలో చెబుతుంది, ఇక్కడ పిల్లలంతా అంతే. స్కిప్పుగా ఉండనని, జట్టులోని తనూజని పెట్టమని చెప్పింది. ఎందుకని అడిగితే చూపు సరిగా లేదంది.

ఓడిన బాధలో అంటోందని ఈశ్వరి అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి వీలుగా ఉంది. రెండు రోజులు పోనీ, చూద్దామంది. ఆ సాయంత్రమంతా జెన్సీ తన రాళ్ళు తను వేసి, ప్రతిసారీ వెనక్కి తిరిగి, గీత దాటానా అని పక్క పిల్లని అడిగింది.

మంగళవారం రెండు రాళ్ళ బేరింగులు అరిగిపోయాయని ఈశ్వరి వాటిని సంచిలో వేసుకుని, షేరింగ్ ఆటో ఎక్కి గమ్హరియా వెళ్ళింది. హాల్లో ఉన్న పదహారు రాళ్ళూ అక్కడే పుట్టాయి, జెన్సీ తండ్రి నెల్సన్ లేతు మిషను మీద. రేకుల షెడ్డు, నూనె మరకలు, ఒక మూల బైబిలు వాక్యం రాసిన పాత క్యాలెండరు. నెల్సన్ మిషను ఆపి స్టూలు తుడిచి వేశాడు. రాయి తిరగేసి, అరిగిన బేరింగుని చిన్న సుత్తితో తట్టి బయటికి తీశాడు. కళ్ళదగ్గర పెట్టుకుని తిప్పాడు. కొలత సాధనం జేబులోనే ఉంది, దాన్ని తియ్యలేదు.

“వెంట్రుకంత లోపల తినేసింది మేడంగారూ. అందుకే ఎడం పక్కకి లాగుతాది,” అన్నాడు.

అది శనివారం ఈశ్వరి ఆడిన ఆఖరి రాయి.

నెల్సన్ కొత్త బేరింగుకి గ్రీజు పెడుతూ, తలెత్తకుండానే అడిగాడు. “మా జెన్సీ మీతో ఏటైనా అన్నదా?”

“చూపు బాగులేదంది. ఏమైంది?”

“అదే గదండీ. నిన్న రాత్రి బిష్టుపూర్‌లో కళ్ళ డాక్టరు కాడికి తీసికెళ్ళేను. ఊరికినే ఒగ్గలేదు మరి. చుక్కలేసి, లైటేసి అంతా చూసేరు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, అంత చిన్నక్షరాలు కూడా చదివేసింది, అద్దాలెందుకన్నారు డాక్టరుగారు. ఇది నమ్మదు. ఇంకో డాక్టరు కాడికి తీసికెళ్ళమంతాది.”

“ఎందుకని?”

నెల్సన్ బేరింగుని గాడిలో కూర్చోబెట్టి, బొటనవేలితో నొక్కాడు. అది టిక్కుమంది.

“శనివారం మీ ఆఖరి రాయప్పుడు ఇది గీత పక్కనే ఉన్నాదంట. మీ చెయ్యి గీత దాటినట్టు కనబడ్డాదంట. ఇంత.” రెండు వేళ్ళు ఎడంగా పెట్టి చూపించాడు. “మేడం చెప్పలేదు గాబట్టి దాటలేదు. దాటంది దాటినట్టు కనబడ్డాదంటే నా కళ్ళే పాడయిపోయేయి అంతాది. అదీ దాని లెక్క.”

లేతు మిషను పట్టా ఎప్పుడో ఆగిపోయింది. ఈశ్వరి దాన్నే చూస్తూ కూర్చుంది. రెండు వేళ్ళ ఎడం. ఆ పిల్ల కొలత కూడా తప్పుపోలేదు.

“నేనన్నాను,” నెల్సన్ ఇంకో రాయి అందుకున్నాడు, “మేడంగారు కూడా మనిషే గదమ్మా అని. అంతే. నిన్నట్నించీ నాతో మాటల్లేవు.”

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అడిగినట్టూ లేదు. తను చెప్పాల్సింది చెప్పి, సుత్తి తీసుకుని, రెండో బేరింగు తట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. షెడ్డులో ఇద్దరే ఉన్నారు. ఒక్క మాటతో అయిపోయేది. రెండు రాళ్ళూ బాగయ్యాక ఈశ్వరి సంచి భుజానికి తగిలించుకుని, జెన్సీతో మాట్లాడతానని చెప్పి లేచింది.

మాట్లాడింది కూడా. ఆ సాయంత్రమే జెన్సీని బాస్కెట్‌బాల్ స్తంభం దగ్గరికి పిలిచింది. ఆటోలో వచ్చినంతసేపూ మాటలు పేర్చుకుంది, చెప్పీ చెప్పనట్టుండే మాటలు. నీ కళ్ళకేమీ కాలేదు, డాక్టరు చెప్పాడు కదా, పక్కనించి చూసినప్పుడు ఒక్కోసారి అలాగే కనబడుతుంది, ఎవరికైనా అంతే అంది. చెబుతున్నప్పుడే తను ఎంత కిందికి దిగిందో ఆమెకి తెలుస్తోంది. జెన్సీ శ్రద్ధగా విని తలూపింది.

“హాఁ మేడం. వహీ తో.” అదే కదా అన్నట్టు అంది. పక్కనించి సరిగా చూడలేని మనిషి స్కిప్పుగా పనికిరాదు కదా అని కూడా అంది. కోపంతో కాదు. మేడం మాటని అక్షరాలా నమ్మి, దాన్నించి రావలసిన చోటికే వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం ఈశ్వరి ఫొటోలు కవర్లో పెట్టుకుంది. స్కూలు అయ్యాక అటునించి అటే బిష్టుపూర్ ఆటో ఎక్కాలి. ముందు అరగంట ప్రాక్టీసు చూసి వెళదామని హాల్లోకొచ్చింది. తనూజ స్కిప్పు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్లకి ఆ కర్ర కొత్త, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ మారుస్తోంది.

విడత అయింది. ఎర్ర రాయీ పసుపు రాయీ ఇంటి నడుమకి దాదాపు ఒకే దూరంలో ఆగాయి. ఏది దగ్గరో తేల్చాలి. ఇలాంటప్పుడు అందరూ జెన్సీ కోసమే చూస్తారు. ఆమె గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, ఒక్క క్షణంలో చెప్పేస్తుంది. తర్వాత టేపుతో కొలిస్తే అదే నిజమవుతుంది. ఇవాళ కూడా పిల్లలు అలవాటుగా ఆమెకేసి తిరిగారు. జెన్సీ వంగింది. ఆమె చూపు తిన్నగా ఎర్ర రాయి దగ్గరికి వెళ్ళి ఆగడం ఈశ్వరి చూసింది. పెదవి కదిలింది. అంతలో లేచి నిలబడి వెనక్కి తగ్గింది.

“తనూజా, తూ దేఖ్,” నువ్వే చూడంది.

తనూజ చూసి పసుపు అంది. అందరూ సరేనన్నారు. జెన్సీ కూడా తలూపింది.

ఎర్రదే దగ్గర. హాలు ఈ చివరనించే ఈశ్వరికి కూడా కనబడుతోంది. జెన్సీకి తెలుసు, తెలిసీ తన కంటిమాట పక్కన పెట్టేసింది. ఆరేళ్ళు పట్టింది ఆ పిల్లకి ఆ చూపు నేర్పడానికి. నేర్పిన తనే నాలుగు రోజుల్లో దాన్ని తన చేత్తో పొడిచేసిందని ఈశ్వరికి అర్థమైంది. మంచుమీదకి వెళ్ళే కోరిక ఇంకా ఉంది, ఎక్కడికీ పోలేదు. అది ఉండగానే ఆమె కవరు తీసి కిటికీలో పెట్టింది.

ఆట ఆపమంది. రాళ్ళన్నీ తీసి, శనివారం ఆఖరి రాయికి ముందు ఎక్కడెక్కడ ఉన్నాయో అలాగే పెట్టమంది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. వాళ్ళకి గుర్తులేదు. ఈశ్వరే వంగి ఒక్కొక్కటీ పెడుతూ వచ్చింది. అడ్డం ఉన్న రాయి. ఇంట్లో తన ఎర్ర రాయి. నడుమకి జానెడులో జెన్సీ పసుపు రాయి. పెట్టి, నడుం పట్టుకుని లేచి చూసుకుంది.

“వో యహాఁ నహీఁ థా, మేడం,” అది ఇక్కడ లేదని వెనకనించి జెన్సీ అంది. అని, అన్నందుకు తనే బెదిరినట్టు ఆగింది.

“ఎక్కడుంది మరి? వచ్చి పెట్టు.”

జెన్సీ తటపటాయిస్తూ వచ్చి, పసుపు రాయిని నాలుగు వేళ్ళు కుడికి జరిపింది. ఈశ్వరి చూసింది. అక్కడే ఉంది. సరిగ్గా అక్కడే.

“నువ్వు శనివారం నిలబడ్డ చోటికి వెళ్ళి నిలబడు.”

జెన్సీ గీత పక్కన గోడ దగ్గరికి వెళ్ళింది. ఈశ్వరి ఎర్ర పిడి రాయి తీసుకుని హాలు ఈ చివరికొచ్చింది. మోకాలు వంచి, రాయి పట్టుకుని, ఆడకుండా, నిదానంగా నేలమీద నడిపించుకుంటూ ముందుకి పాకింది. గీత దగ్గర ఆగలేదు. మణికట్టు గీత దాటింది. వేళ్ళు గీత దాటాయి. రెండు వేళ్ళంత అవతల ఆగి, చూపుడు వేలూ నడిమి వేలూ పిడిమీదే ఉంచి, తలెత్తి జెన్సీని చూసింది.

“ఇక్కడ వదిలాను,” అంది. “నీకు కనబడింది నిజం. నీ కళ్ళకి ఏమీ కాలేదు. నాకు అప్పుడే తెలుసు. నిన్న స్తంభం దగ్గర కూడా తెలుసు.”

ఈశ్వరి లేచి నిలబడి చెయ్యెత్తింది.

“నాది.”

రాయి ఎత్తుకుని హాలు పొడుగునా నడిచింది. ఆరో తరగతి పిల్లలు రోజూ నడిచే నడకే, అరవై డెబ్భై అడుగులు. తన పిల్లలందరి కళ్ళముందూ అది అంత దూరమని ఆమెకి ఇప్పటిదాకా తెలియదు. చేతిలో ఉన్న ఆ ఎర్ర రాయిని గోడవార పెట్టింది. ఇంట్లో జెన్సీ పసుపు రాయి దాని చోటులో అది ఉంది.

తర్వాత ఫోన్ తీసి, వాళ్ళందరూ వింటుండగానే జయప్రకాష్‌కి చేసింది. శనివారం పోటీ పిల్లలు గెలిచారని, తన ఆఖరి రాయి చెల్లదని హిందీలో చెప్పింది. ఆయన మొదట నవ్వులాట అనుకున్నాడు. తర్వాత ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా, అయిపోయినదాన్ని తవ్వడం ఎందుకన్నాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. ఆయన ఇలాగైతే నాలుగు రోజులు ఎందుకు దాచారని కమిటీ అడుగుతుంది, పిల్లలతో కోచ్‌గా కూడా మీ పేరు పంపడం కష్టమవుతుంది, ఆలోచించుకోండన్నాడు. ఈశ్వరి ఆలోచించుకున్నానంది. జెన్సీ పేరులో అక్షరాలు తప్పుపోకుండా ఒక్కొక్కటే చెప్పి రాయించి, ఫోన్ పెట్టేసింది.

జేబులోంచి గ్లవ్ తీసి, ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి జెన్సీ వైపు చాచింది. ఓడినవాళ్ళు చెయ్యాల్సింది అదే.

జెన్సీ ఆ చెయ్యి అందుకోలేదు. ఆమె మొహం ఎర్రబడింది. ఈశ్వరి ఆమెని ఆరేళ్ళనించీ చూస్తోంది, ఇంత కోపంలో ఎప్పుడూ చూడలేదు.

“నాలుగు రోజులు దాచేరు మేడం,” అంది జెన్సీ. హిందీలో కాదు, ఇంట్లో మాటలో అంది. “మా నాన్నతో మాటాడ్డం మానేసేను. మిమ్మల్ని అన్నాడని.”

క్షమించమని అడిగే హక్కు కూడా ఇప్పుడే లేదని ఈశ్వరికి అనిపించింది. చాచిన చెయ్యి మెల్లగా దించుకుంది.

జెన్సీ కళ్ళు తుడుచుకుంది. తనూజ దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల చేతిలో కర్ర తీసుకుంది. ఇంటి వెనక్కి వెళ్ళి నిలబడుతుందనుకున్నారు. వెళ్ళలేదు. కర్రతో సహా గీత దగ్గరికి తిరిగొచ్చి, నేలమీద కూర్చుని, చెంప దాదాపు నేలకి ఆనేంతగా వంగి, ఎర్ర టేపు వెంబడి ఒక కన్ను మూసి చూసింది.

“ఇంకొకటి వెయ్యండి మేడం,” అంది. “గీత నేను చూత్తాను.”

పిల్లలందరూ పక్కకి తప్పుకుని, నేర్పిన ప్రకారం కదలకుండా నిలబడ్డారు. ఈశ్వరి ఇంకో రాయి తీసింది. నెల్సన్ నిన్న కొత్త బేరింగు వేసిన రాయి. తిరగేసి వేలితో తిప్పి చూసింది. అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మోకాలు వంచింది, మోకాలు కిర్రుమంది. తోసింది. గీత ఇంకా బెత్తెడు దూరం ఉండగానే చెయ్యి దానంతట అదే తెరుచుకుంది. రాయి తిన్నగా వెళ్ళింది గాని బలం చాలక, ఇంటిదాకా పోకుండా హాలు మధ్యలోనే ఆగిపోయింది.

జెన్సీ రాయికేసి చూడలేదు. గీతమీంచి కన్ను తియ్యకుండానే చెప్పింది.

“చెల్లింది.”